ఇంట్లో కట్టిన లేజర్ వెలగకపోతే ముందు డయోడ్‌ను పక్కన పెట్టండి

మా షాపు తిరుపతి కొర్లగుంటలో. మిక్సీలు, ఇన్వర్టర్ బోర్డులు, టీవీలు మామూలుగా వచ్చే సరుకు. ఈ మధ్య వాటి పక్కన ఇంకో రకం చేరింది. కుర్రవాళ్లు సొంతంగా కట్టుకున్న లేజర్ ఎన్‌గ్రేవర్లు. అల్యూమినియం ఫ్రేము, స్టెప్పర్ మోటార్లు, మిషన్‌ను నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డుయినో యూనో, దాని నెత్తిన మోటార్లు, లేజర్ వైర్లు తగిలించే సీఎన్‌సీ షీల్డు, నీలం లేజర్ మాడ్యూలు (అందులో కాంతినిచ్చే ముక్కే డయోడ్), 12 వోల్టుల ఎస్‌ఎంపీఎస్, అంటే కరెంటు సప్లై. కీచైన్ల మీద పేర్లు, చెక్క పలక మీద స్వామివారి బొమ్మ, పెళ్లిళ్లకు రిటర్న్ గిఫ్టులు చేసుకుంటారు. ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్క బొమ్మలు చెక్కేవాళ్లున్నారు కదా, ఆ వైపు నుంచి కూడా వస్తుంటాయి, పీటల మీద పేర్లు రాసే మిషన్లు.

తెచ్చినవాళ్లు చెప్పే మాట దాదాపు ఒకటే. "నిన్నటిదాకా బాగానే కాలుస్తా ఉండె అన్నా, లేజర్ పోయినట్టుంది, కొత్త డయోడ్ వేసెయ్." చూస్తే పోయింది ఇంకేదో. ఒక్కోసారి నిజంగానే డయోడ్ పోయి ఉంటుంది, కానీ అది మొదటి తప్పు కాదు. ఇంకేదో తేడా చేస్తే, దాన్ని వెతికే పేరుతో ఇంట్లో మీటర్ గుచ్చి, కరెంటు ఉండగానే వైర్లు పీకి పెట్టి, మంచి డయోడ్‌ను చంపేసి తెస్తారు. నేను చూసినంతలో లేజర్ డయోడ్లు పని చేస్తూ చచ్చేదానికంటే రిపేరు బల్ల మీద చచ్చేవే ఎక్కువ. కాబట్టి కింద చెప్పేదంతా ఒక్క పట్టు మీద నడుస్తుంది: డయోడ్‌ను ముందే సర్క్యూట్ లోంచి తీసెయ్యాలి, మిగతాదంతా బాగుందని తేలాకే మళ్లీ కలపాలి.

ముందు కళ్లు

లేజర్ పాయింటర్ ఒక మిల్లీవాట్ అయితే, కంట్లో పడినా పావు సెకనులో రెప్ప వాల్చేస్తాం, దాంతో బయటపడతాం. మన మాడ్యూళ్లు వాట్లలో ఉంటాయి. రెప్ప పడేలోపే రెటీనా కాలుతుంది. నేరుగా చూడక్కర్లేదు, మెరిసే స్క్రూ తల మీదనుంచో స్టీలు స్కేలు మీదనుంచో తిరిగి వచ్చినా చాలు. తెల్ల గోడ మీద పడిన చుక్కను దగ్గరనుంచి చూడటం కూడా మంచిది కాదు.

కళ్లద్దాలు కొనేటప్పుడు రంగు చూడకండి, అంచున అచ్చేసిన అంకెలు చూడండి. మన నీలం డయోడ్లది 445 నుంచి 450 నానోమీటర్లు. ఆ రేంజికి ఓడీ 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రాసి ఉండాలి. ఓడీ 4 అంటే వచ్చిన కాంతిలో పదివేలో వంతు మాత్రమే లోపలికి పోతుందని అర్థం. మన గాదంకి పరిశోధనశాలలో లేజర్ వేసి గాలి పొరలను చదివే లైడార్ అనే యంత్రం వాడేది 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్. అలాంటి ఆకుపచ్చకని కొన్న అద్దాలు నీలాన్ని కూడా ఆపుతాయని అనుకోకూడదు, ఏ తరంగానికి ఆ లెక్క వేరు. కూలింగ్ గ్లాసులైతే ఇంకా మోసం, చీకటికి కంటిపాప పెద్దదవుతుంది, లేజర్ మాత్రం ఆగదు.

పాత డీవీడీ రైటర్ విప్పి లేజర్ కట్టేవాళ్లకు ఒక మాట. అందులో రెండు లేజర్లుంటాయి. ఒకటి 650 నానోమీటర్ల ఎరుపు. రెండోది సీడీల కోసం పెట్టిన 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్, అది కంటికి దాదాపు కనిపించదు. "వెలగడం లేదు" అని వంగి చూసేది సరిగ్గా దాన్నే.

పాడవకుండానే పాడైనట్టు కనిపించేవి

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు లెన్స్ చూడండి. చెక్క పొగలో జిగురు ఉంటుంది, అది లెన్స్ మీద గోధుమ రంగు పొరలా పేరుకుంటుంది. కాలడం రోజురోజుకీ తగ్గుతూ వచ్చిందంటే నా మొదటి అనుమానం దీని మీదే. పవర్ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో మెల్లగా తుడవండి. చొక్కా అంచుతో వద్దు.

రెండోది కమాండ్ల గొడవ. ఆర్డుయినోలో మిషన్‌ను నడిపే ప్రోగ్రాం ఎక్కువగా జీఆర్‌బీఎల్ 1.1. అందులో $32=1 పెడితే లేజర్ మోడ్. ఆ మోడ్‌లో ఎం4 (తల వేగాన్ని బట్టి లేజర్ వెలిగించే) కమాండ్ ఇచ్చి తల కదలకుండా ఉంచితే లేజర్ వెలగదు, వెలగకూడదు కూడా, ఒకేచోట నిలబడి చెక్కను మాడ్చకుండా అలా చేశారు. ఎం3 (ఒకే పవర్‌తో వెలిగించే కమాండ్) ఇచ్చినా అప్పటికి జీ0, అంటే కాల్చకుండా తల జరిపే మోడ్‌లో ఉంటే అంతే, వెలగదు. పరీక్షించాలంటే కాలుస్తూ జరిపే మోడ్‌లోకి రావడానికి జీ1 ఎఫ్100 అని, తర్వాత ఎం3 ఎస్10 అని పంపాలి. $30 అంటే పూర్తి పవర్‌కు పెట్టిన అంకె, అది 1000 ఉంటే ఎస్10 అంటే ఒక శాతం, అంత తక్కువలో కొన్ని డ్రైవర్లు (డయోడ్‌కు లెక్కగా కరెంటు ఇచ్చే సర్క్యూట్లు) లేజర్‌ను వెలిగించనే వెలిగించవు, కొంచెం కొంచెం పెంచి చూడండి. ఇది తెలియక డయోడ్ మార్పించుకోవడానికి వచ్చే కుర్రవాళ్లుంటారు. డబ్బులు తీసుకోకుండా ఒక లైను టైపు చేసి పంపిస్తాను. వాళ్ల మొహం చూస్తే ఆ పూట టీ ఖర్చు వచ్చినట్టే.

మూడోది మీటర్ చెప్పే అబద్ధం. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి నీలం డయోడ్ కాళ్లు పట్టుకుంటే రెండు వైపులా ఏమీ చూపించదు. "ఓపెన్ అయిపోయింది" అంటారు. చాలా మీటర్లు ఆ మోడ్‌లో ఇచ్చేది రెండు, మూడు వోల్టులే. నీలం డయోడ్ కరెంటు లాగడం మొదలుపెట్టాలంటేనే దానికన్నా ఎక్కువ కావాలి. కాబట్టి ఆ పరీక్షతో డయోడ్ పోయిందని చెప్పలేం. రెండు వైపులా సున్నా చూపిస్తే మాత్రం షార్ట్ అయినట్టే.

డయోడ్ తీయడం, బదులు నకిలీ లోడు కట్టడం

పవర్ ఆపండి, ప్లగ్ పీకండి, ఫ్యాన్ పూర్తిగా ఆగేదాకా ఉండండి. డ్రైవర్ అవుట్‌పుట్ రెండు కొసలనూ ఒక 10 ఓముల రెసిస్టర్‌తో కాసేపు కలిపి కెపాసిటర్‌లో ఉన్నది దించెయ్యండి. తర్వాత డయోడ్ రెండు కాళ్లకూ ఒక సన్నటి రాగి తీగ చుట్టి షార్ట్ చెయ్యండి. ఆ తీగ చుట్టకముందు సోల్డరింగ్ ఐరన్ దగ్గరికి తీసుకురావొద్దు. ఎర్త్ లేని చవక ఐరన్ కొసన లీకేజీ ఉంటుంది, డయోడ్‌కు అదే యమపాశం. విప్పిన డయోడ్‌ను అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి డబ్బాలో పెట్టెయ్యండి.

దాని చోట నకిలీ లోడు కడతాం. మామూలు సిలికాన్ డయోడ్లు వరసగా కలిపితే ఒక్కొక్కటీ 0.7 నుంచి 0.9 వోల్టుల దాకా తింటుంది. డీవీడీ ఎరుపు డయోడ్‌కు బదులుగా 1ఎన్4007 మూడు చాలు, దాదాపు 2.4 వోల్టులు. నీలానికి 1ఎన్5408 అయిదారు, ఎందుకంటే అది మూడు ఆంపియర్లు మోస్తుంది, 4007 ఒకటే మోస్తుంది. వాటికి వరసలో ఒక రెసిస్టర్. చిన్న కరెంటుకైతే ఒక ఓము: దాని రెండు కొసల మధ్య ఎన్ని వోల్టులో అన్ని ఆంపియర్లు. ఆంపియర్ దాటే మాడ్యూళ్లకు 0.1 ఓము, 5 వాట్లది పెట్టి, వచ్చిన వోల్టుల్ని పదితో గుణించుకోండి. దీనికి వందలోపే ఖర్చవుతుంది. ఒకసారి చిన్న బోర్డు ముక్క మీద సోల్డర్ చేసి పెట్టుకుంటే ఎప్పటికీ పనికొస్తుంది.

కరెంటు కొలవడానికి మీటర్‌నే వరసలో పెడితే పోలేదా అంటారు. వద్దు. మీటర్ ప్రోబు ఒక్క క్షణం జారితే లైను తెగుతుంది. డ్రైవర్ పని నిర్ణీతమైన కరెంటు తోయడం. దారి కనిపించకపోయేసరికి అది వోల్టేజీని ఎంత పెంచగలదో అంతా పెంచుతుంది, అవుట్‌పుట్ కెపాసిటర్ నిండిపోతుంది. ప్రోబు మళ్లీ తగలగానే అదంతా ఒక్కసారిగా డయోడ్‌లోకి దూకుతుంది. కంటికి ఏమీ కనిపించదు, శబ్దం రాదు, డయోడ్ అక్కడితో సరి. డ్రైవర్ ఆన్‌లో ఉండగా డయోడ్ పీకి పెట్టినా జరిగేది ఇదే.

సప్లై, ఎర్త్

ఖాళీగా ఉన్న ఎస్‌ఎంపీఎస్ 12.0 చూపించిందని సంబరపడొద్దు. లోడు మీద చూడాలి. ఆటో స్పేర్లు అమ్మే షాపులో 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు దొరుకుతుంది, అది లెక్క ప్రకారం 1.75 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని తగిలించి వోల్టేజీ చూడండి. 11.5 కిందికి జారితే, లేదా బల్బు పెట్టగానే టిక్కు టిక్కుమని ఆగి ఆగి వస్తుంటే సప్లై మార్చండి. ఎస్‌ఎంపీఎస్ విప్పి కెపాసిటర్లు మార్చడం అలవాటు లేనివాళ్లకు నేను చెప్పను. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల పైన డీసీ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కాసేపు అలాగే ఉంటుంది.

ఎర్త్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన ఊరి పాత ఇళ్లలో చాలాచోట్ల సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది, వెనక వైరు ఉండదు. ఎస్‌ఎంపీఎస్‌లో నాయిస్ వడగట్టడానికి ఫేజుకూ బాడీకీ మధ్య ఒక చిన్న కెపాసిటర్, న్యూట్రల్‌కూ బాడీకీ మధ్య ఇంకొకటి పెడతారు. ఎర్త్ ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ దాదాపు సగం మెయిన్ వోల్టేజీ దగ్గర, అంటే వంద వోల్టులకు అటూ ఇటూ తేలుతూ ఉంటుంది. ఫ్రేము మీద చెయ్యి పెడితే చిమచిమలాడేది అందుకే. మనిషిని చంపేంత కరెంటు కాదు, కానీ అదే ఫ్రేముకు అంటుకుని ఉన్న డయోడ్‌కు, యూఎస్‌బీ తీగతో కలిసిన ల్యాప్‌టాప్‌కు అది నిత్యం తగిలే దెబ్బే. ఫ్యాన్ స్విచ్ వేస్తే యూఎస్‌బీ ఊడిపోవడం, పని మధ్యలో మిషను ఆగిపోవడం, ఇవి కూడా చాలాసార్లు ఇక్కడినుంచే మొదలవుతాయి.

మీటర్‌ను ఏసీ 750 రేంజిలో పెట్టి, ఒక ప్రోబు ఫ్రేములో పెయింటు లేని చోట, ఇంకోటి ఇంటి ఎర్త్ గుంత రాడ్డుకు తగిలించండి. సున్నా దగ్గర ఉంటే మంచిది. ఎనభై, వంద చూపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ వైరు లాగించండి. వేసవిలో మన ఎండలకు గుంత ఎండిపోయి ఉన్న ఎర్త్ కూడా పని మానేస్తుంది, రెండు బిందెల నీళ్లు పొయ్యండి. సాకెట్‌లో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేసి "ఎర్తింగ్ అయిపోయింది" అనే ఘనులున్నారు. ఏ రోజైనా న్యూట్రల్ తెగిందంటే మీ ఫ్రేమంతా ఫేజే. అలా ఉంటే ముందు అది విప్పించండి, లేజర్ సంగతి తర్వాత.

డ్రైవర్

చేత్తో కట్టినవాటిలో ఎక్కువ, కరెంటును కట్టడి చేసే మూడు కాళ్ల ఐసీ ఎల్‌ఎం317తో కట్టిన సర్క్యూట్లే. దాని లెక్క చిన్నది: 1.25ను రెసిస్టర్ విలువతో భాగిస్తే కరెంటు. 5 ఓములకు 250 మిల్లీఆంపియర్లు. నకిలీ లోడు మీద అంతే వస్తుందో లేదో చూడండి. తక్కువ వస్తే మొదట ఇన్‌పుట్ వోల్టేజీ చూడండి. ఎరుపు డయోడ్‌కు 2.4, రెసిస్టర్‌కు 1.25, ఐసీ తన కోసం అట్టిపెట్టుకునేది దాదాపు 2, మొత్తం 5.7 అవుతుంది. ఫోన్ చార్జర్ ఇచ్చే 5 వోల్టులతో ఇది సరిగ్గా నడవదు. అలాగని 12 ఇస్తే మిగిలిన 8 వోల్టులకు పైగా ఐసీయే వేడిగా వదులుకోవాలి, రెండు వాట్లు. హీట్ సింక్ లేకుండా తనను తాను ఆపుకుంటుంది, చల్లారాక మళ్లీ వస్తుంది. "పది నిమిషాలు నడిచి ఆగిపోతాది" అనే కంప్లయింట్‌కు అర్థం చాలాసార్లు ఇదే. ఎరుపుకు 7 లేదా 8 వోల్టులు సుఖం.

ఎల్‌ఎం317 వీపున ఉన్న లోహపు రేకు దాని అవుట్‌పుట్ పిన్నుకే కలిసి ఉంటుంది. కరెంటు పోనివ్వని మైకా ముక్క పెట్టకుండా ఫ్రేముకు బిగిస్తే అవుట్‌పుట్ నేరుగా ఫ్రేముకు పోతుంది. కొన్ని లేజర్ డయోడ్లలో కూడా బయటి కేసు ఒక కాలుకు కలిసి ఉంటుంది. ఈ రెండూ ఒకే అల్యూమినియం మీద కూర్చుంటే గొడవ ఎక్కడినుంచి వచ్చిందో పట్టుకోవడం కష్టం.

కరెంటు తగ్గించుకోవడానికి ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి విలువ మార్చే రెసిస్టర్) ఒక్కటే పెట్టినవాళ్లు, దానికి వరసలో ఒక మామూలు రెసిస్టర్ కూడా వెయ్యండి. ప్రీసెట్ సున్నా వైపు తిరిగితే ఐసీ ఇవ్వగలిగినంతా, ఒకటిన్నర ఆంపియర్ పైన, డయోడ్ మీదికి పోతుంది.

ఇంకోటి, డ్రైవర్ ఎక్కడ ఉందో చూడండి. డ్రైవర్ కింద పెట్టెలో, డయోడ్ కదిలే తల మీద ఉంటే మధ్యలో పొడుగు వైరు రోజంతా వంగుతూ ఉంటుంది. పైన తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి తెగుతుంది. తల ఒక మూలకు పోయినప్పుడల్లా లైను తెగి మళ్లీ కలుస్తుంది, అంటే పైన చెప్పిన కెపాసిటర్ దెబ్బ మిషనే తనంతట తాను కొట్టుకుంటుంది. మీటర్ బీప్ మీద పెట్టి, వైరును అంగుళం అంగుళం వంచుతూ చూడండి. బీప్ తడబడిన చోట తెగినట్టు. డ్రైవర్‌ను తల మీదికే మార్చెయ్యడం శాశ్వత పరిష్కారం, అప్పుడు ఆ వైరులో పోయేది 12 వోల్టులే, తెగినా డయోడ్‌కు పెద్ద నష్టం ఉండదు.

కనెక్టర్లు విప్పినప్పుడు రాగి పచ్చగా తేలి ఉంటే నేను మొదట అడిగేది "రెక్సిన్ కోశావా నాయనా?" అని. పీవీసీ ఉన్నదేదైనా కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, గాలిలో తేమ తగిలి యాసిడ్ అవుతుంది. కనెక్టర్లను, బేరింగులను, ఊపిరితిత్తులను ఒకేసారి తింటుంది. కనెక్టర్ మార్చి, ఆ పని మానుకోండి.

సిగ్నల్

మాడ్యూల్‌కు మూడు వైర్లుంటే మూడోది పీడబ్ల్యూఎం, అంటే లేజర్ పవర్ ఎంతో చెప్పే సిగ్నల్. జీఆర్‌బీఎల్ 1.1లో అది యూనో 11వ పిన్ను నుంచి వస్తుంది. పాత సీఎన్‌సీ షీల్డుల మీద ఆ పిన్ను దగ్గర జెడ్ లిమిట్ అని అచ్చేసి ఉంటుంది, అచ్చు నమ్మి స్పిండిల్ అని ఉన్నచోట తగిలిస్తే లేజర్ అయితే పూర్తిగా, లేకపోతే అసలు లేదు అన్నట్టు ఉంటుంది, మధ్యస్థం రాదు. వైరు మాడ్యూల్ నుంచి విప్పి, ఎస్500 ఇచ్చి డీసీ వోల్టుల్లో కొలవండి. $30 విలువ 1000 అయితే దాదాపు 2.5 రావాలి, ఎస్1000కి దాదాపు 5.

పవర్ వెయ్యగానే లేజర్ ఒక్కసారి భగ్గుమని ఆగుతుందా? ఇది అన్నిటికన్నా ప్రమాదం. ఆర్డుయినో లేచేలోపు ఆ పిన్ను ఎటూ కాకుండా గాల్లో ఉంటుంది, కొన్ని డ్రైవర్లు దాన్ని "ఆన్" అనుకుంటాయి. పీడబ్ల్యూఎం వైరుకూ గ్రౌండుకూ మధ్య డ్రైవర్ దగ్గరే 10 కిలో ఓముల రెసిస్టర్ వెయ్యండి. ఇంకా మెరిస్తే 4.7 కిలో ఓములు వెయ్యండి. గ్రౌండ్ వైరు ఊడినా ఇలాగే చేస్తుంది, అదీ చూసుకోండి.

మోటార్ల సంగతి ఒక్క ముక్క. కరెంటు ఉండగా స్టెప్పర్ మోటార్ వైరు పీకితే ఆ మోటార్‌ను నడిపే ఏ4988 డ్రైవర్ పోతుంది. అంతే.

డయోడ్ తిరిగి పెట్టడం

సప్లై, ఎర్త్, డ్రైవర్, సిగ్నల్ నాలుగూ నకిలీ లోడు మీద సరిగ్గా ఉన్నాయని తేలాక పవర్ ఆపి, అవుట్‌పుట్‌ను మళ్లీ రెసిస్టర్‌తో ఖాళీ చేసి, డయోడ్ సోల్డర్ చెయ్యండి. కాళ్లకు చుట్టిన రాగి తీగ అన్నీ కలిపాకే విప్పాలి. ఐరన్‌ను కాలు మీద ఆపకుండా పట్టుకుని ఉండొద్దు, రెండు మూడు సెకన్లు చాలు.

కళ్లద్దాలు పెట్టుకుని, కింద ఇటుక ముక్క పెట్టి, కరెంటు అట్టడుగునుంచి పెంచండి. బతికున్న డయోడ్ ఒక హద్దు దాకా మసకగా ఉంటుంది, ఆ హద్దు దాటగానే ఒక్కసారిగా చుక్క గట్టిపడి మెరుస్తుంది. చచ్చిన డయోడ్ కరెంటు మామూలుగానే లాగుతుంది, వోల్టేజీ కూడా సరిగ్గానే కనిపిస్తుంది, కానీ ఆ హద్దు రాదు. ఎంత పెంచినా ఎల్‌ఈడీ లాగా మసక వెలుగే. లోపలి అద్దపు ముఖం కాలిపోయిందని అర్థం, దానికి రిపేరు లేదు. కొత్తది కొనేటప్పుడు సైజు చూడండి, డీవీడీ ఎరుపుది 5.6 మిల్లీమీటర్లు, పెద్ద నీలాలు ఎక్కువగా 9. నేను చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయినప్పుడే తెచ్చుకుంటాను, చేతిలో పట్టుకుని చూసి కొనొచ్చని.

పూర్తి పవర్ వెంటనే ఇవ్వకుండా ముప్పై శాతం మీద ఒక అరగంట నడపండి. హీట్ సింక్ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కితే థర్మల్ పేస్టు మళ్లీ పూసి, ఫ్యాన్ గాలి రెక్కల మధ్యలోంచి పోతోందో లేదో చూడండి. మే నెలలో షెడ్డులో నడిపేవాళ్లయితే మధ్యాహ్నం పూట పవర్ తగ్గించుకుని కాల్చుకోండి. చివరగా డ్రైవర్ పక్కన ఒక టేపు ముక్క అంటించి నకిలీ లోడు మీద వచ్చిన కరెంటు, లోడు మీద సప్లై వోల్టేజీ, తేదీ రాసిపెట్టండి. ఈసారి ఏదైనా తేడా చేసి నా దగ్గరికి తెచ్చినా, ముందు చదివేది ఆ టేపునే.